దొరికినోళ్ల లెక్కే మనకు తెలుసు

హత్య చేసినవాడు ఈ కాలంలో తప్పించుకోగలడా అంటే, తప్పించుకోగలడు. డీఎన్ఏని మోసం చేసో, సీసీ కెమెరాలు లేని దారులు వెతుక్కునో కాదు. అది హత్య అన్న అనుమానం ఎవరికీ రాకపోతే చాలు, మిగతా పని దానంతట అదే అయిపోతుంది. ఈ మాట మా తోడల్లుడు ఒప్పుకోడు. ఆయన కరీంనగర్‌లో సర్కారు బడిలో సైన్స్ చెప్తాడు, రాత్రిపూట యూట్యూబ్‌లో క్రైమ్ కథలు వింటూ నిద్రపోయే రకం. "అన్నా, ఒక్క వెంట్రుక చాలు, ఒక్క రక్తపు చుక్క చాలు, ఇప్పుడు ఎవడూ తప్పించుకోలేడే" అంటాడు. పండక్కి కలిసినప్పుడల్లా ఇదే లొల్లి. ఎదురుగా చెప్తే మధ్యలో అడ్డం పడతాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నా, కనీసం చివరిదాకా చదువుతాడని.

ఆయన ప్రతిసారీ ఎత్తేది గొర్రెకుంట కేసు. వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తా. 2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు. గీసుగొండ మండలం గొర్రెకుంటలో గోనె సంచుల కార్ఖానా పక్కనున్న బావిలో ఒకరోజు నాలుగు శవాలు తేలాయి, మర్నాడు ఇంకో ఐదు. బెంగాల్ నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక కుటుంబంలో ఆరుగురు, వాళ్లతో పరిచయమున్న ఇంకో ముగ్గురు. మూడేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు. మొదట అందరి నోటా వచ్చిన మాట ఆత్మహత్య. పనుల్లేవు, జీతాల్లేవు, ఊరుకాని ఊరు, ఇంకేం చేస్తారు పాపం అనుకున్నారు. నాలుగైదు రోజుల్లో పోలీసులు బీహార్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న ఒకణ్ని పట్టుకున్నారు. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో పడి ఉన్నవాళ్లను ఒక్కొక్కరిగా ఈడ్చుకెళ్లి బావిలో వేశాడని తేలింది. కెమెరాలో పడ్డాడు, ఫోన్ పట్టించింది, అక్టోబర్ కల్లా వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. మన దేశంలో ఒక హత్య కేసు ఐదు నెలల్లో తీర్పు దాకా రావడం ఎంత అరుదో కోర్టు మెట్లెక్కినవాళ్లకు తెలుసు.

"చూసినవా మరి" అంటాడు మా వాడు. చూశాను. నేను చూసింది ఇంకోటి కూడా ఉంది. అతను తొమ్మిదిమందిని ఎందుకు చంపాడు? అంతకుముందు చేసిన ఒక్క హత్యను దాచడానికి. అదే కుటుంబానికి బంధువైన ఒకామెతో కలిసి ఉండేవాడు. మార్చిలో పెళ్లి మాట్లాడుకుని వద్దామని రైలెక్కించి, మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి తాగించి, నిడదవోలు దగ్గర నడుస్తున్న రైల్లోంచి తోసేశాడు. తిరిగొచ్చి, వాళ్ల చుట్టాల దగ్గర దింపి వచ్చానని చెప్పుకున్నాడు. రెండు నెలలకు పైగా ఆ అబద్ధం నిలబడింది. రైలు పట్టాల పక్కన దొరికిన ఒక శవం ఆమెదేనని ఇక్కడ ఎవరికీ తెలియదు, ఇక్కణ్నుంచి వెళ్లినామె ఏమైందో అక్కడ అడిగినవాళ్లు లేరు. డీఎన్ఏ ల్యాబులు అప్పుడూ ఉన్నాయి, కెమెరాలూ ఉన్నాయి. ఆ కథను కదిపింది మాత్రం కుటుంబంలోని పెద్దామె. "మా పిల్ల ఏది? ఫోన్ ఎందుకు ఎత్తుతలేదు? పోలీసులకు చెప్తా" అని నిలదీసింది. ఆమె అలా పట్టుబట్టకపోతే, అతను భయపడి ఇంకో ఘోరానికి తెగించకపోతే, ఆ మార్చి హత్య హత్యగా ఎప్పటికైనా బయటపడేదా? నాకు నమ్మకం లేదు. అంటే మా వాడు ఉదాహరణగా చూపించే అదే మనిషి, ఒకసారి ఫోరెన్సిక్స్ (నేరాల ఆనవాళ్లు పట్టే సైన్స్) ముక్కు కిందనుంచి హాయిగా నడిచిపోయినవాడే.

ల్యాబును నేను తక్కువ చేయట్లేదు, ఆ మాట ముందే చెప్పాలి. అదే 2020 మేలో కేరళ కొల్లం జిల్లాలో ఒక అమ్మాయి పుట్టింట్లో నిద్రలోనే నాగుపాము కాటుకు చనిపోయింది. దానికి రెండు నెలల ముందే అత్తగారింట్లో రక్తపింజర కరిస్తే బతికి బయటపడి, ఇంకా కోలుకుంటోంది పాపం. రెండు నెలల్లో రెండు పాములా అని తల్లిదండ్రులకు అనుమానం వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. పోలీసులు పాతిపెట్టిన పామును తవ్వి తీసి దానికి పోస్ట్‌మార్టం చేయించారు. ఆ తర్వాత చేసిన పని నాకు మరీ నచ్చింది. బొమ్మను పడుకోబెట్టి, దాని చేతికి కోడిమాంసం కట్టి, నిజం నాగుపాముతో కరిపించి చూశారు. పాము తనంతట తను కరిస్తే రెండు కోరల గాట్ల మధ్య దూరం రెండు సెంటీమీటర్లలోపే ఉంటుంది. తలను పట్టి నొక్కి కరిపిస్తే కోరలు ఎడంగా జరుగుతాయి. ఆ అమ్మాయి ఒంటిమీద గాట్ల మధ్య దూరం ఒకచోట 2.3, ఇంకోచోట 2.8 సెంటీమీటర్లు. పాములవాడి దగ్గర డబ్బిచ్చి కొన్న పామును తెచ్చి భర్తే కరిపించాడని కోర్టు నమ్మింది, 2021 అక్టోబర్‌లో రెండు యావజ్జీవ శిక్షలు వేసింది. సెంటీమీటరులో ఎనిమిదో వంతో పదో వంతో కొలిచి హంతకుణ్ని పట్టుకునే సైన్స్‌కు ఎవరైనా దండం పెట్టాల్సిందే. అయితే స్కేలు పట్టుకుని కొలిచేవాళ్లు వచ్చింది తల్లిదండ్రులు ఫిర్యాదు ఇచ్చాకనే. మన పత్తి చేలల్లో, వడ్ల కల్లాల్లో పాము కరిచి పోయినవాళ్ల గాట్లను ఎవరు కొలిచారు? కొలవాలని ఎవరికి తోస్తుంది?

డీఎన్ఏ సంగతికొస్తే మన హైదరాబాద్‌కు గర్వపడే హక్కుంది. ఇక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త 1980ల చివర్లో, కట్లపాము మీద చేసిన పరిశోధన నుంచి పుట్టిన ప్రోబ్‌తో (డీఎన్ఏలో గుర్తుల్ని పట్టే ముక్క) మన దేశానికి సొంత డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని తెచ్చాడు. ప్రపంచంలో డీఎన్ఏ వేలిముద్రలతో దొరికిన మొదటి హంతకుడు ఇంగ్లండ్ వాడు, పేరు కాలిన్ పిచ్‌ఫోర్క్. అతని కథ మా వాడు సగమే చెప్తాడు. అక్కడి పోలీసులు చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు వేలమంది దగ్గర రక్తం తీసుకున్నారు. ఇతను తన బదులు తోటి పనివాణ్ని పంపించి తప్పించుకున్నాడు కూడా. ఆ తోటివాడు ఒకరోజు మందు కొడుతూ నోరు జారితే, విన్న ఒకామె పోలీసులకు చెప్పింది. అప్పుడు గానీ డీఎన్ఏ పనికి రాలేదు.

అనుమానం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చచ్చిపోతుందో నేను దగ్గర్నుంచి చూసిన సందర్భం ఒకటి ఉంది. కొన్నేళ్ల కింద నర్సంపేట వైపు మా చుట్టాల ఊళ్లో ఒకాయన పురుగుల మందుతో చనిపోతే, శవ పంచనామాకు పంచగా, అంటే సాక్షిగా, సంతకం పెట్టడానికి నన్ను పిలిచారు. ఆస్పత్రి మార్చురీ వెనక వేపచెట్టు కింద హెడ్ కానిస్టేబుల్ తన బండి సీటు మీదనే ప్యాడ్ పెట్టుకుని, కార్బన్ పేపర్లు సర్దుకుని రాస్తున్నాడు. అచ్చేసిన ఫారం. శవం పొడవెంత, ఒంటిమీద బట్టలేంటి, గాయాలున్నాయా, చివర్లో పంచాయతీదార్ల అభిప్రాయం. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి మొహం మీద బట్ట తీసి చూపించారు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని మొహం చూశాం, కాళ్లు చూశాం, బయటికొచ్చాం. వీపు తిప్పి చూసినవాళ్లు లేరు, గోళ్లు చూసినవాళ్లు లేరు. అప్పటికే ఫారంలో మా అభిప్రాయం రాసి ఉంది. "కడుపునొప్పి భరించలేక పురుగుల మందు తాగి" అని. చెప్పింది ఆయన తమ్ముడు. "కాకా, ఈడ ఒకటి, ఈడ ఒకటి" అని హెడ్ కానిస్టేబుల్ వేలితో చూపించిన చోట ఐదుగురం సంతకాలు పెట్టాం. నా ముందున్నాయన వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా వేపచెట్టుకు తుడిచాడు.

అది నిజంగా ఆత్మహత్యే కావచ్చు. నేను ఎవరి మీదా వేలెత్తి చూపట్లేదు, ఆ తమ్ముడు ఏడ్చిన ఏడుపు దొంగ ఏడుపులా ఏమీ లేదు. నేననేది వేరే. ఒకవేళ అది హత్యే అయి ఉంటే, ఆ ఫారంలో ఒక్క అక్షరం కూడా మారేది కాదు. జిల్లా పేపర్లో వారానికి ఒక్కసారైనా కనిపించే ఆ "కడుపునొప్పి భరించలేక", "జీవితంపై విరక్తి చెంది" మాటలు ఇలాంటి చెట్ల కిందనే పుడతాయి. స్టేషన్‌లో రాసిందే విలేకరి రాసుకుంటాడు, విలేకరి రాసిందే ఊరు నమ్ముతుంది.

మరి పోస్ట్‌మార్టం ఉంది కదా అంటారు. ఉంది, స్టేషన్ దాకా వచ్చిన ఇలాంటి చావులకు దాదాపు తప్పకుండా జరుగుతుంది. అయితే డాక్టర్ చేతికి శవంతో పాటు పోలీసుల కాగితం వస్తుంది, అందులో కథ ముందే రాసి ఉంటుంది. బయట ఊరి జనం ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పొద్దుగూకేలోపు దహనం చేయాలని నిలబడి ఉంటారు. డాక్టర్ కడుపు, పేగు, కాలేయం, కిడ్నీల ముక్కలు తీసి ఉప్పునీళ్ల సీసాల్లో పెట్టి సీల్ వేసి ల్యాబుకు పంపిస్తాడు. రిపోర్టు వచ్చేసరికి నెలలు పడుతుంది, ఇక్కడ మాసికాలు కూడా అయిపోతాయి. చివరికి రిపోర్టు ఏం చెప్తుంది? ఫలానా పురుగుల మందు ఉంది అంటుంది. ఉందని అందరికీ ముందే తెలుసు. కడుపులో విషం ఉందని ల్యాబ్ చెప్పగలదు, గ్లాసులో అది ఎవరు పోశారో చెప్పలేదు. అదీ వరంగల్ లాంటి జిల్లాలో, పత్తి వేసిన ప్రతి ఇంట్లో మందు డబ్బా ఉండే చోట. 1997-98లో పత్తి దెబ్బతిని ఈ జిల్లాలో రైతులు అదే మందు తాగి పిట్టల్లా రాలిపోయిన రోజులు చూసినవాళ్లం. నిజం ఆత్మహత్యలు అన్ని జరిగిన నేల మీద ఒక అబద్ధపు ఆత్మహత్య ఎవరి కంట్లో పడుతుంది?

లెక్కలు చూస్తే ఇంకా భయమేస్తుంది. 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది నమోదైన ఆత్మహత్యలు 1,70,924. ప్రమాదాల్లో పోయినవాళ్లు నాలుగు లక్షలకు పైనే. ఈ మూడు కుప్పల్లో ఏ శవం ఏ కుప్పలో పడాలో తేల్చేది మొదటి కొన్ని గంటలు, ఆ ఫారం, ఆ ఐదు సంతకాలు. ఆత్మహత్యల కుప్పలో నూటికి ఒక్కటి పొరపాటున పడిందనుకున్నా పదిహేడు వందల హత్యలు. ఇది నా ఊహే, ఇలా ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టడం కుదరదు కూడా. మనకు తెలిసిన హంతకులంతా దొరికినవాళ్లే. వాళ్లను చూసి హంతకులందరూ దొరుకుతారనుకోవడం, వలలో పడ్డ చేపల్ని చూసి చెరువు ఖాళీ అయిందనుకోవడమే.

ఇక పోలీసుల దాకా రాని చావుల సంగతి వేరే. 2020 లెక్క ప్రకారం దేశంలో నమోదైన చావుల్లో డాక్టర్ కారణం రాసి సర్టిఫై చేసినవి 22.5 శాతమే. మిగతావన్నీ ఇంట్లోవాళ్లు చెప్పిన మాట మీద నడిచినవే. రాత్రి పడుకున్న ముసలాయన పొద్దున లేవలేదు, గుండెపోటన్నారు, మధ్యాహ్నం కల్లా బొక్కలు ఏరేదెప్పుడని మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టర్ తన దగ్గరికొచ్చే ముసలివాళ్లకు మత్తు ఇంజెక్షన్లిచ్చి చంపుతూ, తనే డెత్ సర్టిఫికెట్లు రాసుకుంటూ ఏళ్ల తరబడి నడిపాడు. విచారణ సంఘం తేల్చిన లెక్క 215 మంది. చివరికి 1998లో ఎందుకు దొరికాడు? ఒకామె వీలునామాను తన పేరిట దొంగగా తయారుచేస్తే, లాయరైన ఆమె కూతురికి అనుమానం వచ్చింది. ఆ తర్వాతే సమాధులు తవ్వారు, మందు ఆనవాళ్లు దొరికాయి. అంత పకడ్బందీ దేశంలోనే అంతమంది పోయేదాకా ల్యాబుకు కబురందలేదు.

పూర్వం మన ఊళ్లలో పోలీస్ పటేల్ ఉండేవాడు, అనుమానాస్పదంగా ఎవరు చచ్చినా ఠాణాకు చెప్పడం అతని పని. పటేల్ ఏమీ ధర్మరాజు కాడు, అతను దాచినవెన్ని ఉన్నాయో పాతతరాన్ని అడిగితే చెప్తారు. ఆ వ్యవస్థ 1980లలో పోయింది. తర్వాత వచ్చిన వీఆర్‌వోలను 2020లో తీసేశారు. ఊళ్లో చావు కబురు స్టేషన్‌కు చేర్చాల్సిన మనిషి ఎవరని అడిగితే ఇప్పుడు తలా ఒక పేరు చెప్తారు.

వెతకకపోతే ఏం జరుగుతుందో తెలియాలంటే యాదాద్రి జిల్లా హాజీపూర్ గుర్తు తెచ్చుకోండి. 2019 ఏప్రిల్‌లో బడికి పోయిన పిల్ల తిరిగి రాకపోతే ఊరంతా వెతికితే పాడుబడ్డ బావిలో శవం దొరికింది. అక్కడక్కడే తవ్వితే అంతకుముందు మాయమైన ఇంకో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. వాళ్లలో ఒక పిల్ల 2015 నుంచి కనిపించట్లేదు. ఇంకో అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందని అనుకున్నారు. నాలుగేళ్లు ఆ ఎముకలు ఊరి పక్కనే ఉన్నాయి. హత్య కాదు గానీ, మా తోడల్లుడి ఊరి పక్కన జరిగింది ఇంకోటి చెప్తా. 2020 ఫిబ్రవరిలో అలుగునూరు దగ్గర కాకతీయ కాలువలో ఎవరో బండితో సహా పడిపోతే, వెతకడానికి నీళ్లు తగ్గించారు. అడుగున ఒక కారు కనిపించింది. అందులో భార్యాభర్తలు, కూతురు, దాదాపు మూడు వారాల కింద ఇంట్లోంచి బయల్దేరినవాళ్లు. చదువుకున్న, పలుకుబడి ఉన్న కుటుంబం. ఊరికెళ్లారేమో, టూర్ వెళ్లారేమో అనుకుని ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు. వాళ్ల ఫోన్లకు టవర్లున్నాయి, దారి పొడవునా కెమెరాలున్నాయి. వెతికినవాళ్లు లేరు కాబట్టి అవేవీ పలకలేదు.

మా వాడి వాదనలో బలమున్న ముక్క ఒకటుంది, అది ఒప్పుకోవాలి. మన దగ్గర జరిగే హత్యల్లో చాలావరకు తాగిన మైకంలో, గెట్టు తగాదాలో, పెళ్లాం మీద అనుమానంతో జరిగేవి. అవి దాదాపు అన్నీ దొరుకుతాయి. గొడ్డలితోనే స్టేషన్‌కు నడిచొచ్చి కూర్చునేవాళ్లు కూడా ఉంటారు. వాటికి ఫోరెన్సిక్స్ అవసరం కూడా అంతంతే. ఎక్కణ్నుంచో వచ్చి కొట్టి పారిపోయేవాడికి మాత్రం కెమెరాలు, ఫోన్ లొకేషన్లు నిజంగానే యమపాశాలు. తెలంగాణలో కాలనీలవాళ్లు చందాలేసుకుని పెట్టుకున్న "నేను సైతం" కెమెరాల పుణ్యాన ఎన్ని కేసులు తేలాయో పోలీసులే చెప్తారు. దీన్ని కాదనను. కానీ సైన్స్ పెరిగేకొద్దీ దొరికేవాళ్లు పెరగాలి కదా? అమెరికాలో 1960లలో హత్య కేసుల్లో తొంభై శాతం దాకా నిందితుణ్ని పట్టుకున్నట్టు లెక్క చూపేవాళ్లు. డీఎన్ఏ, కంప్యూటర్లు, కెమెరాలు అన్నీ వచ్చాక అది సగానికి కాస్త అటూ ఇటూగా పడిపోయింది. పాత లెక్కల్లో అమాయకుల్ని ఇరికించినవి కలిసి ఉంటాయి, సాక్షులు చెప్పడానికి భయపడటం ఇప్పుడు పెరిగింది, కారణాలు చాలా ఉన్నాయి. ఏదేమైనా మిషన్ పెరిగితే దొరకడం పెరుగుతుందన్న నమ్మకం మాత్రం నిలబడదు.

దొరికిన సాక్ష్యాన్ని కూడా కాపాడాలి కదా. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఒక యువకుణ్ని పట్టుకున్నారు, 2010లో యావజ్జీవం పడింది, ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. కేసు సీబీఐకి వెళ్లేసరికి కోర్టులో భద్రంగా ఉండాల్సిన వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. పన్నెండేళ్ల తర్వాత సమాధి తవ్వి ఎముకలు తీశారు. ఆ పిల్లను చంపింది ఎవరు? జర్మనీలోనైతే ఇంకో విచిత్రం. నలభై దాకా నేరస్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరికితే ఏళ్లకేళ్లు ఆమె కోసం గాలించి, చివరికి 2009లో తేల్చుకున్నారు, అది దూదిపుల్లలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిదని. ల్యాబ్ అబద్ధం చెప్పలేదు, చేతికిచ్చినదాన్ని బట్టి చెప్పింది.

2024 జూలై నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్, 176వ సెక్షన్‌లో ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాల్సిందే అంటోంది. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. మా వాడు ఇది చూపించి "ఇంకేంది, క్లూస్ టీం ప్రతి ఊరికి వస్తది" అన్నాడు, ఆనవాళ్లు ఏరే పోలీసు బృందం గురించి. నేను ఆ సెక్షన్ మళ్లీ చదవమన్నా. నేరమని నమోదైతేనే వాళ్లు రావాలి. వేపచెట్టు కింద రాసినలాంటి ఫారం ఇప్పుడు 194వ సెక్షన్ కిందికి వస్తుంది, అందులో నేరం లేదు, అనుమానాస్పద మృతి మాత్రమే ఉంది. క్లూస్ టీం వ్యాన్ రావాల్సిన అవసరం చట్టప్రకారం లేదు. గొర్రెకుంట బావి దగ్గర తొమ్మిది శవాలున్నాయి కాబట్టి రాష్ట్రమంతా వచ్చింది, ఒక్కటే ఉండి ఉంటే?

"అయితే ప్రతి చావుకూ పోలీసులు, డాక్టర్లు అంటే మార్చురీలు సరిపోతాయా అన్నా" అని అడిగాడు మొన్న ఫోన్‌లో. ప్రతి చావుకూ అక్కర్లేదు. మనకు ఇప్పటికే ఒక దారి ఉంది. వరకట్న చావులు పెరిగిపోయాక 1983లో చట్టం మార్చి, పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా డాక్టర్ పరీక్ష తప్పనిసరి చేశారు. తహసీల్దార్ స్వయంగా వచ్చి పంచనామా చేయడం, పుట్టింటివాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగడం అక్కణ్నుంచే అలవాటైంది. అందుకే కొత్తకోడలు కిరోసిన్ స్టవ్ పేలి పోయిందని చెప్పేసి చేతులు దులుపుకోవడం ఒకప్పటిలా కుదరట్లేదు. కట్నం చావులు ఆగలేదు, ఆ సంగతి నాకూ తెలుసు, కానీ కనీసం అడిగేవాడు ఒకడొస్తున్నాడు. అదే పద్ధతిని బావిలో, కాలువలో, రైలు పట్టాల మీద, పురుగుల మందుతో పోయినవాళ్లకు కూడా పెట్టమంటున్నా. కథ చెప్పిన మనిషి కాకుండా ఇంకొకర్ని ఎవర్నైనా విడిగా అడగాలి. శవాన్ని బోర్లా తిప్పి చూడాలి. చివరిగా ఫోన్ ఎవరికి చేశాడో ఆ వారంలోనే తీయాలి, దానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు, స్టేషన్‌లో ఉన్నవాళ్లే చేయగలరు. ల్యాబులు కట్టొద్దని నేననట్లేదు. ఆ డబ్బులో కొంత ఆ ఫారం దగ్గర ఖర్చుపెట్టి, హెడ్ కానిస్టేబుల్ పక్కన నిలబడటానికి శవాలు చూడటం వచ్చిన ఒక మనిషిని ఇవ్వమంటున్నా. మా తోడల్లుడు దీనికి ఏమంటాడో దసరాకు వస్తాడు కదా, చూద్దాం.